బండి విన్న మాట

కిచెనర్,
ఫిబ్రవరి 2, 2026, సోమవారం

చెల్లి బాలకుమారికి,

కృపయు సమాధానమును నీ వంటగది దాకా వచ్చి, నీ పక్కన పీట వేసుకుని కూర్చుండును గాక!

మన సహవాసానికి వేరే బండి వచ్చింది. పాత వ్యాను తలుపు హైవే మీద ఊడబోయిందని రాశాను కదా. ఇది ఏడు సీట్లది. నాలుగేళ్ళు ఎవరో వాడి వదిలారు. దీని ముందు భాగంలో పలకంత తెర ఉంది. ఫోన్ దానికి కలిపితే పటం పెద్దగా కనిపిస్తుంది, దారి అదే చెబుతుంది, ఫోన్లు అదే పలుకుతుంది. నా కళ్ళ సంగతి నీకు తెలుసు. స్కూల్ బస్సు నడిపేటప్పుడు రోజూ పోయే వీధులే గనుక ఇబ్బంది లేదు. ఆదివారం ఆరాధనకి మార్కమ్ దాకా జనాన్ని తీసుకుపోవాలంటేనే కష్టం.

యాకోబు ఆ రాత్రి దూతతో పెనుగులాడినట్టు మూడు రోజులు ఆ తెరతో పెనుగులాడాను. అతనిలా నా తుంటి ఎముక తొలగలేదు గాని ఓపిక తొలగింది. గ్యాస్ స్టేషన్లో కొన్న కేబుల్ గుచ్చితే ఫోన్‌కి ఛార్జి ఎక్కుతుంది, తెర మాత్రం మొద్దు మొహం పెట్టుకుని చూస్తుంది. చివరికి ఏనీ వచ్చింది. నీ కూతురు ఆ కేబుల్‌ని చచ్చిన తొండలా రెండు వేళ్ళతో ఎత్తి, "మామయ్యా, దిస్ ఓన్లీ ఛార్జెస్" అంది. దాని గుండా కరెంటు పోతుందట, మాట పోదట! చూశావా, నాకు ఎంత ప్రసంగం దొరికిందో! ఎంతమంది విశ్వాసులు ఇలాంటి కేబుళ్ళు!

తర్వాత కేబుల్ లేకుండా బ్లూటూత్‌తో కలిపాము. తెర మీద ఒక అంకె వచ్చింది, ఫోన్ మీదా అదే అంకె. రెండూ ఒకటేనా? అవును. నీ వాళ్ళ పేర్లన్నీ తీసుకోనా? అవును. నీకు వచ్చే ఫోన్లు నేను పలకనా? అవును. "మామయ్యా, రీడ్ బిఫోర్ యూ ప్రెస్" అని ఏనీ కేక వేసింది. నీ మాట అవునంటే అవునై ఉండాలని ప్రభువే చెప్పాడు, చదివేదేముంది అన్నాను.

ఫోన్‌లో అయితే నేను ప్రసంగిస్తాను, నువ్వు ఊఁ కొడతావు. కాగితం మీదైతే నువ్వూ నాలుగు మాటలంటావు. అందుకే ఈ రోజుల్లో కూడా స్టాంపులు అంటిస్తున్నాను. రాయి.

ప్రభువు పనిలో నలుగుతున్న నీ అన్న,
ప్రేమానందం


కనాటా,
ఫిబ్రవరి 4

అన్నయ్యా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులకి నవ్వాను. చచ్చిన తొండ దగ్గర ఇంకా ఎక్కువ నవ్వాను. ఏనీ నీ దగ్గరికి వస్తున్నందుకు నాకు ధైర్యం. హాస్టల్లో అది ఏం తింటోందో అడిగితే "ఫుడ్, మమ్మీ" అంటుంది. వచ్చే గురువారం దానికి పెద్ద మిడ్‌టర్మ్ ఉంది. ఆ వారం దాని బుర్ర తినకు, కూటాలకు లాక్కుపోకు.

ఇక్కడ ఒట్టావా చలి సంగతి రాయను. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక ముసలమ్మ రోజూ నన్ను తన చెల్లెలనుకుని తిడుతోంది. నేనూ చెల్లెల్లాగే పడుతున్నాను. మొన్న ఆమె జుట్టు దువ్వుతూ ఉంటే, మీ బావగారు పోయి నాలుగేళ్ళయింది, నన్ను తిట్టేవాళ్ళు కూడా తగ్గిపోయారు అనిపించింది.

ఈ ఆదివారం పొద్దున నువ్వు బయల్దేరేముందు ఫోన్ చేస్తాను. ఎత్తు. ఉత్తరంలో పట్టని మాట ఒకటుంది.

బాల


కనాటా,
ఫిబ్రవరి 16

ప్రేమానందం గారికి,

ఇలా పిలవడానికి కారణం ఉంది. అన్నయ్య అని రాయబోతే చెయ్యి ఆగింది.

ఆదివారం ఎనిమిదో తారీకు పొద్దున నీకు ఫోన్ చేశాను. చేసేముందు వంటగదిలో మూడుసార్లు పైకి అనుకుని మరీ చేశాను, మధ్యలో ఏడవకూడదని. నువ్వు ఎత్తగానే, "అన్నయ్యా, నువ్వేం మాట్లాడకు, అయిపోయేదాకా విను" అన్నాను. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని చెప్పాను. పరీక్షలో మంచిది కాదని తేలిందని చెప్పాను. పన్నెండు, గురువారం ఆపరేషన్ అని, మత్తు ఇస్తారు గనుక తోడు మనిషి లేకపోతే ఇంటికి పంపరని, ఒక రోజు దగ్గరుండాలని చెప్పాను. ఏనీకి చెప్పొద్దన్నాను. సంఘంలో చెప్పొద్దన్నాను. పాస్టరు అయ్యగారు వద్దు, మా అన్నయ్య కావాలి, బుధవారం రాత్రికల్లా రా అన్నాను. తిరిగి ఫోన్ చేయొద్దు, చేస్తే ఏడుస్తాను అని కూడా అన్నాను.

నువ్వు ఒక్క మాట అనలేదు. చివర్లో "ప్రభువా" అని మూలిగినట్టు వినపడింది. అంతే. అది చాలనుకున్నాను.

బుధవారం నీకోసం పులుసు పెట్టి కూర్చున్నాను. తలుపు కొట్టింది ఏనీ. బస్సులో ఆరు గంటలు కూర్చుని వచ్చింది. "మామయ్య ఏడీ?" అంటే "విండ్సర్ మీటింగ్స్" అంది. మర్నాడు దాని పరీక్ష జరుగుతుంటే అది ఆసుపత్రిలో నా చెప్పులు పట్టుకుని కూర్చుంది. టాక్సీలో ఇంటికి తెచ్చింది. ఎవరు చెప్పారే నీకు అంటే తల అడ్డంగా ఊపుతుంది గాని చెప్పదు. ఎవరు చెబుతారు? నీ ఒక్కడికే చెప్పాను నేను.

నీ ప్రసంగం కూడా ఆ ఆదివారమే లైవ్‌లో చూశాను. యోనా ఓడ అడుగున దాక్కున్నాడట! దాక్కున్న వారిని దేవుడు తుఫానులోకి ఈడుస్తాడట! చెయ్యెత్తి కెమెరావైపే చూపించావు. దాక్కోమని నేనడిగానా? కాస్త గుట్టుగా ఉంచమన్నాను.

నువ్వు రాలేకపోతే రాలేనని చెప్పొచ్చు. పిల్లని పంపడం ఏమిటి?

బాలకుమారి


కిచెనర్,
ఫిబ్రవరి 21

బాలకుమారీ!

నీ ఉత్తరం చదివి, ఎవరి ఉత్తరమో నాకు వచ్చిందనుకున్నాను. రొమ్ములో గడ్డా? ఆపరేషనా? నా తోబుట్టువు కత్తి కిందికి వెళ్ళి వస్తే నేను విండ్సర్‌లో నిలబడి హల్లెలూయ అంటున్నానా?

దేవుని సముఖంలో రాస్తున్నాను: నువ్వు చెప్పిన మాట ఒక్కటీ నా చెవిన పడలేదు. ఆ ఆదివారం మన సంఘంలో పెద్దావిడ దీనమణమ్మ గారినీ ఏనీనీ బండిలో కూర్చోబెట్టి, హీటరు వేసి, నేను బయట అద్దాల మీద మంచు గోకుతున్నాను. నీ ఫోన్ వచ్చింది. ఎత్తాను. హలో అన్నాను, బాలా అన్నాను, ఉలుకూ పలుకూ లేదు. లైను పోయిందనుకుని జేబులో పెట్టాను. మధ్యాహ్నం తిరిగి చేస్తే నువ్వు ఎత్తలేదు. కొలువులో ఉన్నావనుకున్నాను. యోనా ప్రసంగం పదిహేను రోజుల ముందు సిద్ధపరచింది, కాగితం పంపమంటే పంపుతాను.

ఏనీని పిలిచి అడిగాను. "యూ వర్ ఆన్ ద ఫోన్, మామయ్యా. ఐ సా యూ" అంది. చూశావు గాని నేను విన్నానని ఎలా అన్నావే, నీకెవరు చెప్పారు అన్నాను. మూతి బిగించింది. అబద్ధం నాలుక మీద ఎక్కువసేపు నిలవదని గట్టిగానే హెచ్చరించాను. లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులుగా నా ఫోన్ ఎత్తదు.

నువ్వైనా ఎందుకు దాచావు? రోగి సంఘ పెద్దలను పిలవాలని లేఖనం కాదా? మత్తులో ఏది అన్నావో, ఏది అనుకున్నావో కూడా నాకు అనుమానంగా ఉంది. నాతో చెప్పాననుకున్నది నీ మనసులోనే చెప్పుకున్నావేమో.

అయినా నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నిన్న శుక్రవారపు కూటంలో నీ పేరు చెప్పి, నీ రోగం చెప్పి, ముప్ఫై ఇద్దరిని మోకాళ్ళ మీద నిలబెట్టి గంటంపావు మొరపెట్టించాను. పరలోకం దద్దరిల్లింది.

ఒకటి మాత్రం అర్థం కావడం లేదు. ఫోన్‌లో పాత లెక్క తీసి చూస్తే నీ కాల్ మూడు నిమిషాల నలభై సెకన్లు అని ఉంది. నేను హలో అన్నది పావు నిమిషం కూడా కాదు.

ప్రేమానందం


కనాటా,
ఫిబ్రవరి 26

అన్నయ్యకి,

మత్తులో అన్నానన్నావు. ఆదివారం నాకు మత్తు ఎక్కడిది? కాఫీ కూడా తాగలేదు.

మార్కమ్ నుంచి నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. ఒకావిడ పసుపు నీళ్ళు తాగమంది. ఒకావిడ తన తోటికోడలు కూడా ఇలాగే పోయిందని చెప్పి ఓదార్చింది. ఇంకొకావిడ, నిన్నగాక మొన్న కెనడా వచ్చినావిడ, నా ముఖం కూడా ఎరగదు, ఏది తీసేశారు, ఎంత తీసేశారు అని అడిగింది. బట్టలు లేకుండా నన్ను నీ కూటం మధ్యలో నిలబెట్టావు. పరలోకం సంగతి నాకు తెలియదు, నా ఇల్లు మాత్రం దద్దరిల్లింది.

యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని నేల మీద కూర్చున్నంతసేపూ మంచివాళ్ళేనని నువ్వే చెప్పేవాడివి. నోరు తెరిచాకే చెడిపోయారని.

రిపోర్టు వచ్చింది. కోసిన చోట అంచుల్లో ఇంకా మిగిలిందట. మార్చి పన్నెండున మళ్ళీ కోయాలి. ఈసారి ఇంకాస్త ఎక్కువ తీస్తారు. ఇది నీకు చెప్పేది ప్రార్థనలకి కాదు, మూడో మనిషి నోట వినకూడదని. ఏనీ వస్తానంటోంది. తప్పిపోయిన పరీక్షని దానికి అదే రోజు పెట్టారు. మళ్ళీ మానేస్తానంటోంది. నేను ఎవరినైనా వెతుక్కుంటాను.

నువ్వు రావద్దు.

బాల


కిచెనర్,
మార్చి 1, ఆదివారం

నా తల్లీ, బాలా,

ఈ ఉత్తరం బండిలో కూర్చుని రాస్తున్నాను. ఇంట్లోకి వెళ్ళేంత ఓపిక లేదు. చిత్తగించు.

ఈ సాయంత్రం అందరినీ దింపాక చివరగా దీనమణమ్మ గారు మిగిలారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి. దిగబోతూ దిగబోతూ ఆగి నా వైపు తిరిగారు.

"అయ్యగారూ, పెద్దదాన్ని, అడగకుండా ఉండలేకపోతున్నా. చెల్లెలు అంత గుట్టుగా ఉంచమంటే మీరు కూటంలో దండోరా వేసేశారేంటండీ?"

"గుట్టుగా ఉంచమందని మీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరు చెప్పడమేంటి! బండే చెప్పింది కదా."

"బండా?"

"ఈ బండేనండీ! మీరు బయట చెవి దగ్గర ఫోన్ పెట్టుకున్నారు. ఇక్కడ ఈ పెట్టెల్లోంచి ఆ తల్లి గొంతు. మీరూ వింటున్నారనుకున్నాం. పిల్ల పాపం రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకు గుండె ఆగక ప్రభువా అన్నాను. మీరు లోపలికొచ్చి ఏమీ ఎరగనట్టు చలి గురించి మాట్లాడితే, అబ్బ, ఎంత గుట్టు గల మనిషి అనుకున్నా! ఆంటీ, ఎవరితోనూ అనకండి, మమ్మీకి నేను విన్నానని తెలియకూడదు అని పిల్ల నా చెయ్యి పట్టుకుంటే మాటిచ్చాను."

నేను నమ్మలేదు. నమ్మడం ఇష్టం లేదు అనాలి. ఆవిడని లోపలే కూర్చోబెట్టి, నేను దిగి తలుపు వేసి, వాతావరణం చెప్పే నంబరుకి ఫోన్ చేశాను. చెవిలో ఏమీ లేదు. గాలి కూడా లేదు. అద్దం లోపల దీనమణమ్మ గారు నాకేసి వేళ్ళు చూపిస్తున్నారు: తొమ్మిది. తర్వాత కిందికి చూపించారు: మైనస్. హలో హలో అంటూ నేను బయట పెదవులు కదుపుతున్నాను. ఆవిడకి నా గొంతు వినపడదు. నాకు లోకం వినపడదు. మధ్యలో ఒక్క అద్దం.

ఫోన్ బండికి కలిసి ఉంటే, నేను దిగినా మాట దిగదట. నువ్వు దాచిపెట్టమన్నది, దాచిపెట్టమన్న మాటతో సహా, నీ కూతురి ఒళ్ళో పడింది. నువ్వు విన్న మూలుగు నాది కాదు.

మందిరంలో ప్రార్థిస్తున్న హన్నా పెదవులు కదలడం చూసి, స్వరం వినపడక, తాగి ఉంది అన్నాడు యాజకుడు ఏలీ. నలభై ఏళ్ళుగా ఏలీని ఏకిపారేస్తున్నాను ప్రసంగాల్లో. ఈ రోజు చూస్తే ఆ గడప దగ్గర కూర్చున్న ముసలాడిని నేనే. నిన్ను మత్తులో ఉన్నావన్నాను. నీ కూతురిని అబద్ధికురాలన్నాను.

ఏనీ హాస్టలుకి వెళ్ళాను. కిందికి వచ్చింది గాని కూర్చోలేదు. నిజం తెలిసింది, తప్పయింది అన్నాను. "యూ నెవర్ ఆస్క్డ్ వాట్ ఐ హర్డ్, మామయ్యా. యూ జస్ట్ ప్రీచ్డ్" అంది. బుధవారం నా నోట విండ్సర్ మాట విని, మామయ్య అమ్మని వదిలేశాడనుకుని పరిగెత్తిందట. దాని షూ లేసు ఊడి ఉంటే వంగి కట్టాను. కట్టనిచ్చింది.

బండి చేసిన తప్పు ఆ మూడు నిమిషాలదే. శుక్రవారపు కూటంలో గంటంపావు నాది. అది ఏ తెర మీదా వెయ్యను. నీ రోగం నాకు తెలిసిన క్షణంలో నేను నీ దగ్గరికి పరిగెత్తలేదు, మైకు దగ్గరికి పరిగెత్తాను.

పన్నెండున నన్ను రానివ్వు. ఏనీ పరీక్ష రాసుకుంటుంది. స్కూల్ బస్సుకి వేరే డ్రైవర్ని మాట్లాడాను. నువ్వు వద్దంటే మీ వీధి చివర బండిలో కూర్చుంటాను. వద్దనకు.

నీ అన్న


కనాటా,
మార్చి 6

అన్నయ్యా,

దీనమణమ్మ గారి మూలుగుని పట్టుకుని నాలుగు రోజులు నేను బతికాను తెలుసా. అన్నయ్యకి మాట రావడం లేదు, అంత బాధపడ్డాడు, వస్తాడు అనుకున్నాను. అది చదివి నవ్వొచ్చింది. నవ్వితే కుట్ల దగ్గర నొప్పి. తర్వాత చాలాసేపు ఏడ్చాను, అదీ నొప్పే.

కోపం పోలేదు. బండి మీద లేదు. ఆ పదకొండు ఫోన్ల మీద ఉంది. పోయే వరకూ ఉంటుంది, తొందరపెట్టకు.

ఏనీ నిన్న ఫోన్ చేసింది. "మమ్మీ, నేను విన్నాను" అంది, తెలుగులో. అంత పొడుగు మాట అది తెలుగులో అని ఎన్నేళ్ళయింది. అది పరీక్ష రాయాలి. ఆ మాట నువ్వు దగ్గరుండి చూసుకో.

నా భయం ఏమిటో ఒక్కసారి రాస్తాను, మళ్ళీ అడగకు. మొదటిసారి కళ్ళు తెరిచినప్పుడు ఏనీ ముఖం చూశాను. దానికి పంతొమ్మిదేళ్ళు. ఆ ముఖంలో, అమ్మ లేకపోతే ఎలా అని లెక్క వేసుకుంటున్న ఒక పెద్ద మనిషి కనిపించింది. ఈసారి కళ్ళు తెరిచేసరికి నాకంటే పెద్దవాళ్ళెవరైనా ఉండాలి. నేను పోయినా ఎలాగో తట్టుకునేవాళ్ళు. అంతకంటే చక్కగా చెప్పలేను.

బుధవారం సాయంత్రానికల్లా రా. బండిలో ఎవరినీ తేకు. ప్రార్థన నూనె సీసా తేకు. ఆసుపత్రిలో ఎవరికీ సువార్త చెప్పకు, కనీసం నేను లేచేదాకా. చలికోటు మంచిది వేసుకో, ఆ బొత్తాం లేనిది కాదు.

బాల


ఒట్టావా, ఆసుపత్రి వెయిటింగు హాలు,
మార్చి 12, గురువారం

బాలా,

నువ్వు లోపలికి వెళ్ళి గంటా పది నిమిషాలు. నువ్వు లేచాక చేతికిస్తానని ఇది రాస్తున్నాను. ఖాళీగా కూర్చోలేను.

పొద్దున బండిలో బెల్టు పెట్టుకుంటూ "ఏమీ అనకు" అన్నావు. ఏమీ అనలేదు. పదకొండు సిగ్నళ్ళు. ప్రతి సిగ్నల్ దగ్గరా నోట్లో ఏదో లేచింది, మింగాను. నలభై ఏళ్ళలో నేను ఇంతసేపు నోరు మూసుకున్నది లేదు. నువ్వు ఒకసారి నా వైపు చూశావు. ఎందుకు చూశావో తెలియదు.

ఇక్కడ గోడ మీద ఒక పట్టిక వెలుగుతూ ఉంది. పేర్లు వెయ్యరు. ఎవరి గుట్టు వాళ్ళకి. నంబరు, నంబరు పక్కన రంగు. నీది 4172. పసుపు అంటే లోపల కోస్తున్నారని అర్థం. పచ్చ అంటే అయిపోయింది, మెలకువ వస్తోంది అని. డెస్కు దగ్గర అమ్మాయిని రెండుసార్లు అడిగాను. మూడోసారి వెళ్తే "సర్, ప్లీజ్ సిట్" అంది. కూర్చున్నాను. లేచాను. కూర్చున్నాను.

పక్కన ఒక తెల్లాయన టోపీ నలుపుతూ ఉన్నాడు. భార్యది మోకాలట. "యు ప్రే?" అని అడిగాడు నన్నే. నేను పట్టుకున్న బైబిలు చూసి ఉంటాడు. మామూలుగా అయితే ఆ తలుపు తెరిచిన వాడిని నేను వదిలేవాడినా? "ట్రయింగ్" అన్నాను. అంతే వచ్చింది.

నిజం చెబుతున్నాను. పుస్తకం తెరిస్తే అక్షరాలు ఉన్నాయి, వాక్యం లేదు. కంఠస్థమైన కీర్తనలు సగంలో తెగిపోతున్నాయి. నీ నంబరు మాత్రమే తెగకుండా వస్తోంది. నాలుగు ఒకటి ఏడు రెండు. దాన్నే అంటున్నాను. ప్రభువా, నాలుగు ఒకటి ఏడు రెండు. ఆయనకి అర్థమవుతుందనుకుంటాను. ఇంకెవరికీ అర్థం కాకపోవడం ఈ రోజు నాకు హాయిగా ఉంది.

ఏనీ మెసేజ్ పెట్టింది. పరీక్ష హాలులోకి వెళ్తున్నానంది. ఫోన్ కట్టేసే ముందు ఇంకొకటి పెట్టింది: "మామయ్యా, ఆర్ యూ ఓకే?" నన్ను అడిగింది, బాలా. నేను పెద్దవాడిని కావాలని కదా నువ్వు పిలిచావు. ఓకే అని పెట్టాను. అబద్ధమే. క్షమించమని తర్వాత అడుగుతాను.

నువ్వు లేవకపోతే తట్టుకునేవాళ్ళు కావాలి అన్నావు. తట్టుకోలేను. ఆ మాట నీకు ముందే రాసి ఉంటే రమ్మనేదానివి కాదు. అయినా ఇక్కడే ఉన్నాను, కదలను. నా చేతనయ్యేది అదే.

గంటా నలభై.

ఇంకా పసుపే. టోపీ ఆయన్ని పిలిచారు. వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళాడు.

బాలా, నువ్వు లేచాక నేనేం అనాలో ఆలోచిస్తున్నాను. ఆకలేస్తోందా అనొచ్చు. చలేస్తోందా అనొచ్చు. నొప్పిగా ఉందా అని

పచ్చ అయింది.

పచ్చే. రెండుసార్లు చూశాను. తలుపు తీసుకుని నర్సు వస్తోంది. "బాలకుమారీస్ ఫ్యామిలీ?" అని అడుగుతోంది హాలంతా చూస్తూ.

నేనే.